వాళ్ళకి ఎంత ఇస్తారు?

నేను పనిచేసే ఒక ఇంట్లో పెద్దాయన్ని, ఈ ఊళ్ళో కర్రలతో ఆడే షింటీ గురించి, "ఆడేవాళ్ళకి మ్యాచ్‌కి ఎంత ఇస్తారండీ?" అని అడిగాను, అంతే. ఆయన చేతిలో స్పూను గిన్నెలో పెట్టేసి నా వైపు తిరిగి, "ఇవ్వడమేంటి? వాళ్ళే ఎదురు చందా కడతారు. ఈ ఊళ్ళో ఇంకెవర్నీ ఆ మాట అడక్కు" అన్నాడు. మళ్ళీ మందులు వేసుకునేదాకా ఒక్క మాట లేదు. రోజూ నేను తలుపు తీయగానే వాన ఎప్పుడొస్తుందో చెప్పే మనిషి. ఆ చిన్న ప్రశ్నకి అంత కోపం ఎందుకొచ్చిందా అని అప్పట్నుంచీ బుర్రలో తిరుగుతూనే ఉంది, అందుకే రాస్తున్నాను.

నేనుండేది స్కాట్లండ్ హైలాండ్స్‌లో, స్పే నది పక్కన కింగ్యూసీ అనే ఊరు. కేర్ వర్కర్‌ని. కారేసుకుని ఇల్లిల్లూ తిరిగి పెద్దవాళ్ళని లేపి, స్నానం చేయించి, టిఫిన్ పెట్టి, మందులిచ్చి, ఛార్టులో సంతకం పెట్టి ఇంకో ఇంటికి పరిగెత్తడం నా పని. యూకే అనగానే మనవాళ్ళందరికీ లండనే. "అక్కడ ఏముందే, ఈస్ట్ హామ్ వచ్చేయ్, గుడి ఉంది, దోసె దొరుకుతుంది" అని నా ఫ్రెండ్స్ పోరు పెడుతూనే ఉంటారు. కరెక్టే, ఇక్కడ మినప్పప్పు కావాలంటే ఇన్వర్నెస్ పోవాలి. వీసా ఇచ్చిన పని ఇక్కడుంది, నేనూ ఇక్కడున్నాను. 2024 మార్చిలో, కొత్తగా వచ్చే కేర్ వర్కర్లు కుటుంబాన్ని తెచ్చుకోకూడదని రూలు పెట్టారు. మేం అంతకు ముందే వచ్చాం కాబట్టి మా ఆయన, పాప నాతోనే ఉన్నారు, అదే పెద్ద అదృష్టం.

చలి సంగతి చెప్పాలి. లంబసింగిలో పొద్దున్నే మంటేసుకుని ఫోటోలు దిగి చలి చూసేశాం అనుకునేవాళ్ళం. అక్కడ పదింటికల్లా ఎండ కాస్తుంది. ఇక్కడ డిసెంబరులో పొద్దున తొమ్మిదికి తెల్లారి, మధ్యాహ్నం మూడున్నర దాటగానే చీకటి పడిపోతుంది. నా మొదటి ఇల్లూ చీకట్లోనే, చివరి ఇల్లూ చీకట్లోనే. కారు అద్దం మీద మంచు గీకడం, కంటికి కనపడని ఐసు మీద బ్రేకు వేయకుండా బండి ఆపడం ఇవన్నీ వచ్చి తీరాలి. మంచు మరీ ఎక్కువైతే దక్షిణాన డ్రమాక్టర్ కనుమ దగ్గర ఏ9 రోడ్డుకి గేట్లు వేసేస్తారు. ఈ కొండలకి అవతల బ్రేమార్‌లో 1895లో, మళ్ళీ 1982లో మైనస్ 27.2 డిగ్రీలు నమోదైంది, ఈ దేశం మొత్తం మీద అంతకంటే కిందికి ఎప్పుడూ పోలేదు. జూన్‌లో మాత్రం రాత్రి పదిన్నరకి కూడా వెలుతురు ఉంటుంది, పాపని పడుకోమంటే "ఇంకా పగలే కదమ్మా" అంటుంది. ఆ వెలుతుర్ని హాయిగా చూద్దామంటే మిడ్జెస్ అని నుసిలాంటి దోమలు ముఖమంతా పట్టేస్తాయి.

ఇలాంటి ఊళ్ళో ఉన్న ఆటే ఆ షింటీ, హాకీలా కర్రలతో బంతిని కొట్టి గోల్ చేసే ఆట. పక్క ఊరు న్యూటన్‌మోర్ ఐదు కిలోమీటర్లు, అక్కడ జనాభా వెయ్యి అటూ ఇటూ. మా కింగ్యూసీ పదిహేను వందల లోపే. రెండూళ్ళకీ చెరో గ్రౌండు, చెరో జట్టు. మా వాళ్ళది ఎరుపూ నీలం, వాళ్ళది నీలం తెలుపు. ఈ ఆటకి నిబంధనలు రాసి నడిపించే కమనాహ్ద్ అసోసియేషన్ 1893లో పుట్టింది ఈ కింగ్యూసీలోనే. 1896లో మొదటిసారి పెట్టిన పెద్ద కప్పు గెలిచింది కూడా ఈ ఊరే. ఆ కప్పు అందరికంటే ఎక్కువసార్లు, 30 సార్లకు పైగా గెలిచింది న్యూటన్‌మోర్. కింగ్యూసీ ఏమో వరుసగా 20 ఏళ్ళు లీగ్ గెలిచి గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది. మన దగ్గర ఒక వీధిలో ఉండేంత మంది లేరు ఈ ఊళ్ళో, మరి ఈ రికార్డులేంటో.

జట్టుకి పన్నెండు మంది, సగానికి 45 నిమిషాలు. చేతిలో వంపు తిరిగిన కర్ర, దాన్ని కమాన్ అంటారు. హికరీ చెక్కతో చేస్తారు, పట్టుకునే చోట టేపు చుట్టుకుంటారు, తల దగ్గర రెండు వైపులా ఏటవాలుగా ఉంటుంది, అందుకే ఎటునుంచి కొట్టినా బంతి గాల్లోకి లేస్తుంది. బంతి టెన్నిస్ బంతి సైజే కానీ లోపల బెండు, పైన తోలు, చేత్తో పట్టుకుంటే రాయే. మొదట్లో రిఫరీ ఇద్దరి మధ్య బంతిని పైకి విసురుతాడు, అది కిందికి దిగకముందే గాల్లోనే రెండు కర్రలు టకీమని తగులుతాయి. కట్టెలు కొట్టేవాడు గొడ్డలి ఎత్తినట్టు కర్రని తలమీంచి ఎత్తి కొట్టొచ్చు, ఇందులో తప్పు లేదు. గోలీ తప్ప ఎవరూ బంతిని చేత్తో ముట్టకూడదు. పదిహేడేళ్ళ లోపు పిల్లలకి హెల్మెట్ తప్పనిసరి, పెద్దవాళ్ళకి ఇష్టం. చాలామంది పెట్టుకోరు! నేను వెళ్ళే ఇళ్ళలో ముసలాళ్ళ చేతివేళ్ళ కణుపులు చూస్తే చాలు, ఎవరు ఆడారో ఎవరు ఆడలేదో తెలిసిపోతుంది.

పూర్వం ఇది చలికాలం ఆటేనట. మంచుకీ నీళ్ళకీ మ్యాచ్‌లు వాయిదా పడీ పడీ విసుగెత్తి 2000ల మధ్యలో మార్చి నుంచి అక్టోబరు దాకా అని మార్చుకున్నారు. అయినా వర్షం తప్పదు. జనం ఆ వర్షంలోనే కంచె పట్టుకుని నిలబడతారు, గొడుగు వేసుకున్నవాళ్ళు తక్కువ.

ఇప్పుడు అసలు విషయం. ఆడేవాళ్ళలో వడ్రంగులున్నారు, ఎలక్ట్రీషియన్లున్నారు, ఎస్టేట్లలో జింకల్ని చూసుకునేవాళ్ళున్నారు, బడి టీచర్లున్నారు. శనివారం స్కై దీవికో ఓబన్‌కో గంటల తరబడి బస్సులో వెళ్ళి ఆడి, కంటి మీద కుట్లతో తిరిగొచ్చి సోమవారం పనికి వెళ్తారు. అత్యున్నత స్థాయిలో ఆడేవాళ్ళకి కూడా జీతం లేదు. గడ్డి కోసేవాడికీ, గీతలు గీసేవాడికీ, టీ పోసే ఆవిడకీ ఎవరికీ పైసా లేదు. ఇదంతా చూసి నాకు మెచ్చుకోలుగానే ఉంది, మనస్ఫూర్తిగా చెప్తున్నాను. కానీ నా ప్రశ్న తప్పని నేను ఒప్పుకోను.

మాది ఆమదాలవలస దగ్గర పల్లె. పక్కనే ఊసవానిపేట, కరణం మల్లీశ్వరి ఊరు. 2000లో సిడ్నీలో ఆవిడ కాంస్యం తెచ్చినప్పుడు ఊళ్ళకి ఊళ్ళు ఊగిపోయాయి, ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ మా వైపు మనిషి. ఆ తర్వాత పిల్లలు బరువులెత్తడానికి వెళ్తే తల్లిదండ్రులు పంపింది దేనికి? పతకం కోసమే కాదు, ఉద్యోగం కోసం. ఆవిడకి ఎఫ్‌సీఐలో ఉద్యోగం వచ్చింది కదా, మన పిల్లకి కనీసం రైల్వేలోనో పోలీసులోనో స్పోర్ట్స్ కోటా రాదా అని. కూలికెళ్ళే ఇంట్లో పిల్లకి రోజూ గుడ్డు, పాలు ఇవ్వాలంటే చివర్న ఏదో ఉందని నమ్మకం ఉండాలి. "ఎంత ఇస్తారు" అన్నది అత్యాశతో పుట్టిన ప్రశ్న కాదు, లెక్క చూసుకోక తప్పని ఇళ్ళలో పుట్టిన ప్రశ్న. నేను హైస్కూల్లో కబడ్డీ ఆడేదాన్ని, బాగానే ఆడేదాన్ని. పెద్దమనిషినయ్యాక మాన్పించేశారు. అప్పుడు కూడా పీఈటీ మాస్టారు ఇంటికొచ్చి "కోటా ఉందండీ" అని చెప్పి చూశారు, పరువు ఎలాగూ నెగ్గింది గానీ మా నాన్న కాసేపు ఆగి ఆలోచించింది మాత్రం ఆ కోటా మాట దగ్గరే.

ఇక్కడ డబ్బు లేకుండా ఆడగలుగుతున్నారంటే మరి దేని బలంతో ఆడుతున్నారు? వారం పనిచేస్తే ఇల్లు గడుస్తుంది, శనివారం సెలవుంటుంది, కాలు విరిగితే ఆస్పత్రికి అప్పు చేయక్కర్లేదు. అంటే వాళ్ళకీ ఎవరో ఇస్తూనే ఉన్నారు, చేతికి కాకుండా వేరే దారిన. ఇది ఆ పెద్దాయనకి చెప్పాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. శనివారం మధ్యాహ్నం ఊరంతా గ్రౌండులో ఉంటే ఆయనకి అన్నం పెట్టేది, ఆయనలాంటి వాళ్ళని పక్కకి తిప్పి పడుకోబెట్టేది నేనూ, మలయాళీ అమ్మాయిలూ, నైజీరియా నుంచి వచ్చిన ఒకావిడా. ఆయన ఆడిన రోజుల్లో ఆ పని ఇంట్లో ఆడవాళ్ళు చేసి ఉంటారు. ఎవరో ఒకరు ఇంటి దగ్గర ఉండబట్టే కదా ఇంకొకరు ఆడేది.

చెప్పలేదు. తొంభైకి దగ్గర పడ్డ మనిషితో వాదనేంటి, పైగా ఆయన చెప్పినదాంట్లో నాకు గుచ్చుకున్న ముక్క కూడా ఒకటుంది. మా ఊళ్ళో సంక్రాంతికి కబడ్డీ పోటీలు పెడతారు, ఎమ్మెల్యే ఫ్లెక్సీ, మొదటి బహుమతి ఇంత అని మైకు. ఆ బహుమతి పెట్టేవాడు లేని ఏడాది ఆట లేదు. ఆడేవాళ్ళంతా హైదరాబాదులోనో వైజాగులోనో, పండక్కి మూడు రోజులు వచ్చి పోతారు. ఇక్కడ చదువుకని ఎడిన్‌బరో వెళ్ళిన కుర్రాళ్ళు శనివారం రైలెక్కి వచ్చి ఊరి జట్టుకి ఆడి వెళ్తున్నారు. దాన్ని జీతంతో కొనలేరని ఆయన బాధ, నా ప్రశ్న దాన్నే బేరమాడినట్టు వినిపించి ఉంటుంది.

మా పాపకి బడిలోనే షింటీ నేర్పిస్తున్నారు, ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసే ఆడతారు. ఫోన్లో చూపిస్తే మా అమ్మ హడలిపోయింది. "ఏటే, కర్రలట్టుకుని కొట్టుకోడం ఆటేటి? మూతి పళ్ళు రాలిపోతే రేపు పెళ్ళెలాగవుద్ది?" అంది. హెల్మెట్ ఉంది, ముందు ఇనప జాలీ ఉంది అని చూపించాక కాస్త తగ్గింది. నాన్న మాత్రం వెనకనుంచి మెల్లగా, "దీనికి కోటా ఉంటదేటమ్మా?" అన్నారు. లేదు నాన్నా అన్నాను. పాపని పెద్దయ్యాక కూడా ఆడనిస్తాను అని చెప్పాలనుకున్నాను, ఆయనకి నా కబడ్డీ గుర్తొస్తుందని ఆగిపోయాను.

పాప జట్టు ఆడేదీ చాలావరకు శనివారమే. వాళ్ళ నాన్న హోటల్ వంటింట్లో ఉంటాడు, నేను రౌండ్‌లో ఉంటాను, పక్కింటావిడ తన పిల్లలతో పాటు తీసుకెళ్ళి దింపి తెస్తోంది, పెట్రోల్ డబ్బులిస్తానంటే తీసుకోలేదు. అలా ఎన్నాళ్ళు? నెలలో ఒక్క శనివారం మధ్యాహ్నం నాకు వదలమని మేనేజర్‌కి మెయిల్ పెట్టాను. ఎందుకు అన్న చోట "షింటీ" అని రాశాను. ఈ ఊళ్ళో అది చెల్లే కారణమేనని మా టీమ్‌లో అమ్మాయిలు అంటున్నారు. వచ్చే నెల రోటా, అంటే డ్యూటీల పట్టిక, ఇంకా రాలేదు.