బ్యాగులో దొరికిన మాత్రలు

మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది, హాస్టల్లో ఉంటుంది. దసరా సెలవులకి వచ్చినప్పుడు దాని బ్యాగు సర్దుతుంటే 4 పారాసెటమాల్ షీట్లు దొరికాయి. మూడు ఖాళీ. "సాయంత్రమయ్యేసరికి తల చుట్టూ గుడ్డ బిగించి కట్టినట్టు ఉంటుందమ్మా" అంది. ఎన్నాళ్ల నుంచంటే, వేసవి నుంచట! నా కాళ్లూ చేతులూ ఆడలేదు.

ముందు కళ్లు చూపించాం, చూపు బాగానే ఉంది. తర్వాత న్యూరాలజిస్టు గారు పరీక్ష చేసి, అరగంట దాంతోనే మాట్లాడారు. ఎన్నింటికి పడుకుంటావు, పొద్దున టిఫిన్ తింటావా, పరీక్ష ముందురోజు ఎలా ఉంటుంది... ఒత్తిడికి మెడ, నుదురు, దవడ కండరాలు బిగుసుకుంటాయనీ, నిద్ర చాలకపోతే చిన్న నొప్పే పెద్దదిగా తెలుస్తుందనీ చెప్పారు. నెలకి 15 రోజులో, అంతకన్నా ఎక్కువో నెలల తరబడి మాత్రలు మింగితే ఆ మాత్రల వల్లే తలనొప్పి వస్తుందట. ఈ సంగతి నాకు అస్సలు తెలీదు. వాంతులు, చూపు మసకబారడం, నిద్రలోంచి లేపేంత నొప్పి, జ్వరంతో మెడ పట్టేయడం ఉంటే మాత్రం వెంటనే చూపించాలన్నారు.

తిరిగొస్తుంటే ఆటోలో మెల్లగా అంది: "మార్కులు తగ్గితే నాన్న సరిగ్గా మాట్లాడరు కదమ్మా. ఆదివారం ఫోన్ వస్తుందంటేనే నొప్పి మొదలవుతుంది."

ఆ రాత్రే ఆయనకి చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు.

మొన్న ఆదివారం ఫోన్ చేసి ర్యాంకు అడగలేదు. మెస్సులో కూరేంటని అడిగారు. 20 నిమిషాలు మాట్లాడుకున్నారు.