వైజాగ్‌లో పచ్చనీళ్లు

మార్చి నెలాఖరులో వైజాగ్ వెళ్తే తిట్టుకోవడానికి చాలా దొరుకుతాయి. రత్నాచల్ దిగి బయటికి రాగానే ఆర్కే బీచ్‌కి ఆటో 300 అన్నారు, బీచ్ ఎదురు రూమ్‌కి వీకెండ్ అని రెట్టింపు చెప్పారు, పైగా ఏసీ సరిగ్గా పనిచేయలేదు. సింహాచలం, సబ్‌మెరైన్, అరకు టికెట్లు దొరక్కపోవడం, ఇవన్నీ వదిలేస్తున్నాను. నేను రాయాలనుకున్నది సముద్రపు నీళ్ల గురించి.

మా అక్క కొడుకు రాజమండ్రిలో పెరిగాడు, వాడికి సముద్రం కొత్త. నీలంగా ఉంటుందని ఆశపడి వస్తే ఎదురుగా ఆకుపచ్చ నీళ్లు, అలల అంచున గోధుమరంగు నురగ. "పిన్నీ, ఇవి డ్రైనేజీ నీళ్లు, నేను దిగను" అని మొండికేశాడు. చెయ్యి పట్టుకుని మోకాళ్ల దాకా దింపాను. ఇద్దరం ఉలిక్కిపడ్డాం. ఇసుక మీద చెప్పుల్లేకుండా నిలబడలేని ఎండ, నీళ్లేమో పాత బావిలోంచి అప్పుడే తోడినట్టు చల్లగా ఉన్నాయి!

మర్నాడు భీమిలికి 900కే నంబర్ బస్సు ఎక్కాం. వాడింకా ఆ మురికి నీళ్ల గురించే మాట్లాడుతుంటే పక్క సీట్లో పెద్దాయన, ఒకప్పుడు తెప్ప మీద వేటకి వెళ్లేవాడట, ఊరుకోలేకపోయాడు. "ఏటి బాబూ, మురికంటన్నావా? దక్షిణం గాలి పట్టుగా కొట్టిందంటే అడుగునీరు పైకొచ్చేత్తాది. ఆ నీరొత్తేనే కవళ్ల సేపలు దగ్గరకొస్తాయి" అన్నాడు. "అందుకేనా తాతా అంత చల్లగా ఉంది?" అంటే, "మరి? అడుగుది కదమ్మా" అని జోడుగుళ్లపాలెంలో దిగిపోయాడు. ఆ రెండు ముక్కలు విన్నాక భీమిలి లైట్‌హౌస్, డచ్చి సమాధులు నా కంటికి సరిగ్గా ఆనలేదు.

నేను స్కూల్లో బయాలజీ చెప్తాను. ప్లవకాల, అంటే నీళ్లలో తేలుతూ కొట్టుకుపోయే బుల్లి జీవుల, పాఠంలో డయాటమ్ అనే ఏకకణ నాచు బొమ్మ బోర్డు మీద గీస్తాను, పిల్లలు దించుకుంటారు, పాఠం అయిపోతుంది. అవి ఎప్పుడు ఎక్కడ పెరుగుతాయో నీటి కదలికే తేలుస్తుందని అంత గట్టిగా ఏనాడూ చెప్పలేదు, మా పుస్తకంలోనూ లేదు. వైజాగ్ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా ఉంటుంది. ఎండాకాలంలో గాలి కూడా దాదాపు ఆ వాలులోనే వీస్తుంది. గాలి నెట్టిన పైనీరు నేరుగా గాలి వెంట పోదు, భూమి తిరుగుతుంది కాబట్టి మన అర్ధగోళంలో కుడివైపుకి జరుగుతుంది. ఇక్కడ కుడివైపంటే నడిసముద్రం. ఒడ్డు దగ్గర పైనీరు అలా తొలగిపోతుంటే ఆ చోటు నింపడానికి అడుగునుంచి చల్లటి నీరు లేస్తుంది. చచ్చిన ప్లవకాలు, చేపల మలం, రకరకాల సేంద్రియ పదార్థం కిందికి దిగి కుళ్లగా విడుదలైన నైట్రేట్లు, ఫాస్ఫేట్లు ఆ నీటిలో ఉంటాయి. కింద ఎరువుంది కానీ వెలుతురు లేదు, పైన వెలుతురుంది కానీ ఎరువు లేదు. గాలి ఆ రెండిటినీ కలిపితే డయాటమ్‌లు విపరీతంగా పెరుగుతాయి, వాటిని తిని జంతుప్లవకాలు, వాటి వెనకే కవళ్లూ నెత్తళ్లూ. మా వాడు ముక్కు మూసుకున్న ఆ పచ్చదనం చాలావరకు ఇదే. అలల అంచు నురగ కూడా చాలాసార్లు ప్లవకాల నుంచి నీటిలో కలిసిన సేంద్రియ పదార్థాన్ని అలలు చిలికితే పుట్టేదే.

దీన్ని 1950లలోనే ఇక్కడ కొలిచారు. ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చిన అమెరికన్ శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఈ తీరంలో అడుగునీరు లేవడం గురించి పరిశోధించారు, ప్రొఫెసర్ పి.ఎన్. గణపతి, ఆయన శిష్యులు ఇక్కడి ప్లవకాల మీద పనిచేశారు. ఇంత చరిత్ర ఉన్న బీచ్‌లో సెల్ఫీ పాయింట్లున్నాయి కానీ ఈ నీళ్ల గురించి ఒక్క బోర్డు నాకు కనబడలేదు. నిజంగా బాధేసింది.

కైలాసగిరి రోప్‌వే టికెట్ నాకు ఎక్కువే అనిపించింది, అయినా పైనుంచి చూశాక ఆ డబ్బు గురించి మర్చిపోయాను. ఒడ్డు వెంబడి పచ్చటి పట్టీ, దాని అవతల నీలం, మధ్యలో నురగ పేరుకున్న సన్నటి గీత. రెండు రకాల నీళ్లు కలిసేచోట తేలే చెత్తా, ప్లవకాలూ అలా ఒక వరసలో చేరతాయి.

తిరిగి వస్తూ పోర్టు లోపలివైపు కాలువలు కలిసే చోట కాసేపు ఆగాం. అక్కడా పచ్చగానే ఉంది కానీ కంపు. ఊరి మురుగు తెచ్చే ఎరువు అక్కడ ఎప్పుడూ పుష్కలం, నీళ్లు మారడమే తక్కువ. వైజాగ్‌లో పోటుకీ పాటుకీ తేడా ఒకటిన్నర మీటర్ల వరకే, ఆ కొద్దిపాటి రాకపోకలు ఇరుకు దారిలోంచి లోపలి హార్బర్‌ని కడిగేయలేవు. పెరిగిన నాచు అక్కడే చచ్చి అక్కడే కుళ్లుతుంది, ఆ కుళ్లు ఆక్సిజన్ అంతా తినేస్తుంది. "పిన్నీ, మురికి నీళ్లంటే ఇవీ" అన్నాడు వాడు. అవునన్నాను. ఆ కాలువల్ని శుద్ధి చేయకుండా వదులుతున్నవాళ్ల మీద నాకు చాలా కోపంగా ఉంది.

మళ్లీ నవంబర్‌లో రావాలనుంది. అప్పటికి గాలి తిరగబడి పైనీటిని ఒడ్డుకే తోస్తుంది, తీరప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుంది, గంగ, మహానది తెచ్చిన వాననీరు వైజాగ్ ముందు నుంచే కిందికి దిగుతుంది. తేలికైన ఆ మంచినీరు పైన మూతలా పరుచుకుంటే అడుగునీరు లేవడం కష్టం. మా గోదావరి నీళ్లూ అప్పుడు మచిలీపట్నం వైపే పోతాయి. ఈసారి ఇద్దరం రెండు సీసాలు తీసుకెళ్తాం, బీచ్‌లో నీళ్లు పట్టి స్కూల్ మైక్రోస్కోప్ కింద పెట్టి డయాటమ్‌లు ఎన్ని మిగిలాయో చూస్తాం.