చీ బైషి రొయ్యలు రాజమండ్రి చేరిన వైనం

బీజింగులో ఉద్యోగం ముగించుకుని తిరిగివచ్చే ముందు, డ్రాయింగు మాస్టారుగా పనిచేసి విశ్రాంత జీవితం గడుపుతున్న మా బాబాయికి, రొయ్యల బొమ్మలకు పేరుపొందిన చైనా చిత్రకారుడు చీ బైషి బొమ్మ ఒకటి పంపాలనుకున్నాను. అసలు బొమ్మ కొనే స్తోమత నాకు ఏ జన్మకూ రాదు. చీ బైషి వేసిన పన్నెండు ప్రకృతి దృశ్యాల పటాల వరుస 2017 డిసెంబరులో బీజింగు వేలంలో 93.15 కోట్ల యువాన్లు పలికింది. నేను కొన్నది లియులిచాంగ్ వీధిలో దొరికే చెక్క అచ్చు ప్రతి. బేరం, చెల్లింపు, రసీదు అన్నీ ఇట్టే అయిపోయాయి.

ఆ అచ్చు గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే తరువాతి అవస్థకంతా అదే మూలం. బొమ్మలోని ఒక్కొక్క ఛాయకు ఒక్కొక్క బేరిచెక్క దిమ్మె చెక్కి, చిత్రకారుడు వాడిన రకం షువాన్ కాగితం (సిరాను పీల్చుకునే చైనా చేతికాగితం) మీదనే, నీళ్లు కలిపిన సిరాతో ఒకదాని తరువాత ఒకటి అద్దుతారు. చీ బైషి రొయ్యలో ఉన్న సొగసంతా సిరా తడిలోనే ఉంది. పలుచని సిరాతో తల, ఒంటి కణుపులు వేసి, తడి ఆరకముందే తలలో చిక్కని చుక్క ఒకటి దించుతాడు. అది లోలోపల పాకి, పెంకు గుండా లోపలి నలుపు కనిపిస్తున్నట్టు భ్రమ కలిగిస్తుంది. నీరు గీయడు, అయినా రొయ్యలు నీటిలోనే ఉంటాయి. మంచి పనివాడి చేతి అచ్చులో ఆ పాకుడు కూడా దిగుతుంది. ప్రతి ఎంత బాగుంటే కొన్నవాడికి అంత ఇబ్బంది అని నాకు పోస్టాఫీసులో తెలిసింది.

విదేశాలకు వెళ్లే పార్సెలును అక్కడ కౌంటరు దగ్గరే విప్పి చూస్తారు. గుమాస్తా చుట్టిన బొమ్మను సగం దాకా విప్పి, సంతకం చదివి, లేచి నిలబడి, నా వెనుక వరుసలో ఉన్నవారందరికీ కనిపించేలా దాన్ని ఎత్తి పట్టుకుని, "చీ బైషి మీ దగ్గరికి ఎలా వచ్చాడు?" అని అడిగాడు. ప్రతి అని చెప్పి రసీదు చూపించాను. రసీదులు ఎవరైనా అచ్చు వేయించుకోవచ్చు అన్నాడు. చీ బైషి బొమ్మలు అనుమతి లేనిదే దేశం దాటకూడదన్నది నిజమే. 1949 తరువాత మరణించిన పేరుపొందిన చిత్రకారుల జాబితా ఒకటి ప్రభుత్వం దగ్గర ఉంది, అందులో ఆయన ఉన్నాడు. కాని నిబంధన చెప్పడానికీ, మనిషిని దొంగలా నలుగురిలో నిలబెట్టడానికీ తేడా ఉంది. వరుసలోని ఒక ముసలమ్మ ముందుకు వంగి నా పాస్‌పోర్టు కూడా చూసింది.

ఆ తరువాత అతడు బొమ్మ ఏ సంవత్సరంలో వేశారో ఫారంలో రాయాలన్నాడు. సంతకం పక్కన "ఎనభై ఎనిమిదేళ్ల వృద్ధుడు" అని ఉంది. పుట్టింది 1864 కనుక 1952 అని తానే లెక్కకట్టి వేసేశాడు. నేను ఊరుకోలేకపోయాను. జ్యోతిష్కుడు గండం ఉందని చెబితే 1937లో చీ బైషి తన వయస్సుకు రెండేళ్లు కలుపుకున్నాడనీ, పైగా చైనా లెక్కలో పుట్టగానే ఒక ఏడు వచ్చినట్టేననీ, ఆయన పుట్టిన 1864 జనవరి 1 చైనా పంచాంగంలో ఇంకా ముందటి ఏడాదిలోకే వస్తుంది కనుక అది 1948 నాటి సంతకమనీ వివరించాను. ఆ కౌంటరులో ఎవరికీ తెలియని సంగతి ఒక తెలుగువాడు చెప్పాడని నాకు ఇప్పటికీ గర్వమే. గుమాస్తా మాత్రం బొమ్మను మళ్లీ చుట్టి, "ఇంత తెలిసినవారు మామూలు ప్రతి కొంటారా?" అని, సాంస్కృతిక సంపద తనిఖీ కార్యాలయం నుంచి ధ్రువపత్రం తెమ్మని తిప్పి పంపాడు.

ఆ బొమ్మలు గీసిన మనిషి ఇంటి గోడ మీద ధరల పట్టీ వేలాడదీసి అమ్మినవాడు. హునాన్‌లోని షియాంగ్‌తాన్ దగ్గర పేద రైతు ఇంట పుట్టి, వడ్రంగిగా చెక్క మీద పూలు చెక్కి బతికి, యాభై దాటాక బీజింగులో స్థిరపడితే మొదట ఆయనను అడిగినవాడు లేడు. మిత్రుడు చెన్ షిజెంగ్ పోరి శైలి మార్పించి, 1922లో ఆయన బొమ్మలను జపాన్ ప్రదర్శనకు తీసుకుపోతే అక్కడ అమ్ముడుపోయాయి. ఇంట గుర్తింపు వచ్చింది ఆ తరువాతే. సొంత ఊళ్లో గుర్తించనివారు, ఇప్పుడు ప్రతికి కూడా కాపలా కాస్తున్నారు.

తనిఖీ కార్యాలయంలో ముందుగా సమయం తీసుకోవాలి. ఆ కంప్యూటరు ఫారం పద్దెనిమిది అంకెల చైనా గుర్తింపు సంఖ్య కోసమే తయారైంది, పాస్‌పోర్టు సంఖ్య వేస్తే ఒప్పుకోదు, కనుక చైనా స్నేహితుడిని వెంటబెట్టుకుని వెళ్లండి. బొమ్మను పరిశీలించిన పెద్దావిడ మాత్రం ఒక్క ప్రశ్న వేయలేదు. భూతద్దం తీసి నేరుగా సంతకం దగ్గరి చిత్రకారుడి ఎర్ర ముద్ర మీద పెట్టింది. ఇంగిలీకం ముద్దతో వేసిన ముద్ర కాగితం మీద కొంచెం పైకి నిలుస్తుంది. ఇది చదునుగా ఇంకిపోయి ఉంది. ప్రతి అని రాసి, స్టాంపు వేసి ఇచ్చింది. పని తెలిసినవారికి అంత తేలిక. మీరెవరైనా ఇటువంటిది పంపదలచుకుంటే ధ్రువపత్రం ముందే తెచ్చుకుని, దాని నకలు పార్సెలు పైన ప్లాస్టిక్ సంచిలో అంటించండి. పోస్టాఫీసు మాత్రం నేను వెళ్లినది కాకుండా వేరేది చూసుకోండి.

పార్సెలు మొన్న చేరింది. బాబాయి ఫోను చేసి, "ఒరేయ్, గోదావరి పక్కన పుట్టినవాడిని, రొయ్య కాళ్లు నాకు తెలియవా? వీడు తక్కువ వేశాడేమిటి?" అన్నాడు. బల్ల మీద గిన్నెలో రొయ్యలను పెంచుకుని ఏళ్ల తరబడి చూసిన తరువాతే, పది కాళ్లు వేసే ఆయన వాటిని తగ్గించుకుంటూ అయిదారుకు తెచ్చాడని చెప్పాను. బాబాయి కాసేపు ఆలోచించి, "మీసాలు మాత్రం సరిగ్గా ఉన్నాయి" అని ఒప్పుకున్నాడు.