నాన్నగారి మెడలోని సుడి

గత నెల నాన్నగారికి, నాళాల్లో నెత్తురు పారే తీరును చూపే మెడ డాప్లర్ పరీక్ష చేయించడానికి మహారాణిపేటలోని ఒక స్కానింగ్ కేంద్రానికి వెళ్లాము. జెల్ పూసిన ప్రోబ్ దవడ కిందికి చేరేసరికి, తెరపై ఎర్రగా సాగుతున్న, తలకు నెత్తురు తీసుకెళ్లే కెరోటిడ్ ధమని రెండుగా చీలే చోట, వెలుపలి గోడను ఆనుకుని చిన్న నీలి మచ్చ ఒకటి నాడి కొట్టుకున్నప్పుడల్లా మెరిసి మాయమైంది. నా గుండె జారింది. "కంగారు పడకండి సార్, ఇక్కడ నాళం కాస్త ఉబ్బి ఉంటుంది, నెత్తురు వెనక్కి తిరుగుతుంది, అందరికీ ఉండేదే" అన్నాడు టెక్నీషియన్.

ద్రవ యాంత్రిక శాస్త్రం పాఠాలు చెప్పుకునే నన్ను ఆ మచ్చ ఇంటికి వచ్చాక కూడా వదలలేదు. గొట్టంలో నీరు ఒకే తీరున పారుతుందనుకుని మేము పాఠం మొదలుపెడతాము. ధమనిలో ఆ సౌకర్యం లేదు. నాడి నిమిషానికి 75 సార్లు కొట్టుకుంటే ఒక్కో స్పందనకు 0.8 సెకను పడుతుంది, అందులో సుమారు 0.3 సెకను పాటు నెత్తురు దూకుతుంది, మిగిలిన సమయంలో నెమ్మదిస్తుంది. ఎర్రకణాలు నాళం నడుమ గుంపుగా సాగుతూ, నెత్తురు గడ్డకట్టడానికి తోడ్పడే, రెండు మూడు మైక్రాన్ల ప్లేట్‌లెట్లను గోడ వైపు నెట్టివేస్తాయి. కనుక గోడను చేరడం వాటికి కష్టం కాదు, అంటుకోవడమే కష్టం. ఒకే దిశలో ఒరుసుకుంటూ పోయే ప్రవాహం నాళపు లోపొర చేత నైట్రిక్ ఆక్సైడ్, ప్రోస్టాసైక్లిన్ విడుదల చేయిస్తుంది. ఆ రెండూ ప్లేట్‌లెట్లను శాంతపరుస్తాయి. సుడి తిరిగే చోట ఒరిపిడి తక్కువ, దిశకు నిలకడ లేదు, అందువల్ల ఆ రక్షణ సన్నగిల్లుతుంది. ఫిషింగ్ హార్బర్‌లో నూనె తెట్టు ఏ మూలన చేరుతుందో చూసినవారికి ఇది వింతగా తోచదు. కొలెస్టరాల్ ఒళ్లంతా తిరుగుతున్నా పూడిక ఇలాంటి చీలికల దగ్గరే ఎక్కువగా పేరుకోవడానికి ఇదొక ముఖ్య కారణం. మనం మాత్రం తప్పంతా వంటనూనె మీదికి నెట్టేస్తాము.

అయితే వేగం ఎంత పెరిగితే అంత మేలనుకోవడం పొరపాటు. పూడికతో నాళం ఇరుకైతే అక్కడ ఒరిపిడి విపరీతంగా పెరిగి, ఉండ చుట్టుకుని ఉన్న వాన్ విల్లీబ్రాండ్ ఫ్యాక్టర్ అనే ప్రోటీను దారంలా విచ్చుకుని, పరుగెత్తే ప్లేట్‌లెట్లను గాలంలా పట్టేస్తుంది. 1926లో ఒక రక్తస్రావ వ్యాధిని వర్ణించిన ఫిన్లాండ్ వైద్యుడు ఎరిక్ వాన్ విల్లీబ్రాండ్ పేరే దానికి పెట్టారు. ఇరుకులో రెచ్చిపోయిన ప్లేట్‌లెట్లకు, దాని దిగువనే ఉన్న సుడిలో ఒకదానికొకటి అంటుకునే వ్యవధి కూడా దొరుకుతుంది.

నాన్నగారి నివేదికలో ఇరుకు ఏమీ లేదని వచ్చింది. ఇదంతా విన్నాక ఆయన మెడ తడుముకుంటూ, "ఆ సుడి ఎడమ వైపా, కుడి వైపా?" అని అడిగారు. రెండు వైపులా ఉంటుందని చెప్పాను.