నస్కల్ చీలమండ, ఇరవై రెట్లు: నాలుగో వారం దాకా

చుంచెలుకంత జంతువు డెక్కనోలెస్టీస్ చీలమండలోని రెండు ఎముకల్ని ఇరవై రెట్లు పెద్ద నమూనాలుగా చేస్తున్నాం: పైన ఆస్ట్రాగలస్, కింద మడమ ఎముక. ఇవి వికారాబాద్ దగ్గరి నస్కల్‌లో, దక్కన్ లావా పొరల మధ్య మట్టిలో దొరికాయి. వయసు సుమారు 6.6 కోట్ల ఏళ్లు. 1988లో శిలాజ శాస్త్రవేత్తలు ప్రసాద్, సాహ్ని ఈ జంతువుకు పళ్లను బట్టి పేరు పెట్టారు. 1994లో గోదినో, ప్రసాద్ చీలమండను చూసి, ఇది చెట్లెక్కేదన్నారు. పళ్లూ ఎముకలూ విడివిడిగానే దొరికాయి కాబట్టి ఈ ఎముకల్ని ఆ పళ్లతో జత కుదిర్చింది ప్రధానంగా పరిమాణమే. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అనే డైనోసార్ నిలువెత్తున నిలబడి ఉంది గానీ, అది దొరికిన కోట రాతిపొరల్లోని క్షీరదాలకు పేర్లు వచ్చింది పళ్ల మీదే. అందుకే ఈ చిన్న కీలు మాకంత అపురూపం.

మొదటి వారం: పోల్చడానికి మేక చీలమండ. మటన్ షాపులో వెనక కాలు, కీలు నరక్కుండా ఇమ్మని ముందే చెప్పాలి. పాయాకు కొట్టేటప్పుడు మనకు కావలసిన చోటే కత్తి పడుతుంది. కుక్కర్ వద్దు, ఎముక గుల్లబారుతుంది. మూత లేని గిన్నెలో సన్నని మంట మీద మూడు గంటలు ఉడికించాలి. ఒక రాత్రి డిటర్జెంట్ నీళ్లలో ఉంచితే కొవ్వు వదులుతుంది. తెల్లబడటానికి మందుల షాపులో దొరికే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో అంతే నీళ్లు కలిపి వాడాం. బ్లీచింగ్ మాత్రం వద్దు, ఎముకను తినేస్తుంది. మేక ఆస్ట్రాగలస్‌కు పైనా కిందా గిలక లాంటి గాళ్లున్నాయి. పాదం ముందుకూ వెనక్కూ మడుస్తుంది, పక్కకు తిరగదు.

రెండు, మూడో వారాలు: అసలు చిక్కు ఇక్కడే. ప్రచురించిన బొమ్మలోని స్కేలు గీత 1 మిల్లీమీటరైతే 20 మిల్లీమీటర్లకు పెంచి ప్రింటు తీసి, అల్యూమినియం ఫాయిల్ ముద్ద మీద 3 మిల్లీమీటర్ల మందాన ఎమ్‌సీల్ పట్టించాం. రెండు ఎముకలకూ కలిపి సుమారు 100 గ్రాములు పట్టింది. రెండు పుట్టీలూ సమానంగా, రంగు ఒకటయ్యేదాకా పిసకాలి. ఎండాకాలం త్వరగా గట్టిపడుతుంది కాబట్టి ఒకసారికి 20 గ్రాములే కలపండి.

మొదటిసారి రెండు ఎముకల్నీ విడిగా చేసి కలిపితే కీలు పట్టేసింది. మడమ ఎముక మీద ఆస్ట్రాగలస్ ఆనే చోట్లు రెండు. వెనకది మరమేకు గాడిలా మెలి తిరిగి ఉండాలి. ముందుది కూడా అదే ఇరుసు చుట్టూ కదలాలి. మేము వెనకదాన్ని చదునుగా చేశాం, దాంతో ఎముక జారిందే గానీ తిరగలేదు. రెండోసారి మడమ ఎముకను పూర్తిగా ఎండనిచ్చి, వ్యాజిలిన్ రాసి, పల్చని ప్లాస్టిక్ కవరు పరిచాం. పైన మెత్తని పుట్టీ అద్ది, బిగుసుకునేలోపు మెలి వెంట నాలుగైదు సార్లు తిప్పాం. ముఖాలు ఒకదానికొకటి సరిపోయాయి. కవరు మందం మృదులాస్థికి వదిలిన సందులా పనికొచ్చింది. శిలాజంలో మృదులాస్థి మిగలదు, కనుక ఎముకను ఎముకకు ఆనించి బిగించడం తప్పు.

రబ్బరు బ్యాండు స్నాయువుగా వేశాక పాదం అరికాలు లోపలికి చూసేలా తిరుగుతోంది. వేప చెట్టు మీంచి ఉడుత తలకిందులుగా దిగేటప్పుడు దాని వెనక పాదాలు గమనించండి: గోళ్లు పైకి తిరిగి బెరడును పట్టుకుంటాయి. అంత తిప్పు డెక్కనోలెస్టీస్‌కు ఉందని మా నమూనా రుజువు చేయదు, ఎందుకంటే బ్యాండు బిగువును బట్టి కోణం మారుతుంది.

నాలుగో వారం తొలి క్షీరదాల్లాంటి మోర్గనుకోడాన్ చీలమండ మొదలైంది. అది ఇంకా 14 కోట్ల ఏళ్లు పాతది. ఆస్ట్రాగలస్ మడమ ఎముక మీద పూర్తిగా ఎక్కి కూర్చోదు. రెంటినీ పక్కపక్కనే ఆనించాలి కాబట్టి వెనక గాడికి అచ్చు పద్ధతి పనికిరాదు. ముందుగా తీగతో ఇరుసు నిలబెట్టి, పుట్టీ తర్వాత పెడుతున్నాం.