తొమ్మిదో నంబరు రైలు పోయే ఊరు

అమెరికాలో నార్త్ కరోలినాలోని చాపెల్ హిల్‌లో బస్సెక్కగానే రెండు డాలర్ నోట్లు డ్రైవరు ముందు చాపాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. చాలవేమోనని ఇంకొకటి తీశాను. మళ్ళీ ఊపి, వెళ్ళి కూర్చోమని వెనక్కి చెయ్యి చూపించాడు. నా వెనక నిలబడ్డ కాలేజీ పిల్ల నవ్వుతూ చెప్పింది, డబ్బులు అక్కర్లేదని. 2002 నుంచీ ఈ ఊరి బస్సులన్నీ ఉచితమేనట. మన దగ్గరలాగా ఆడవాళ్ళకే కాదు, ఎక్కినవాళ్ళందరికీ. ఆధార్ కార్డు చూపించక్కర్లేదు, జీరో టికెట్ కొట్టరు. కావలి బస్సులో ఆ కార్డు కోసం హ్యాండ్‌బ్యాగంతా ఒళ్ళో కుమ్మరించే అలవాటు నాది. ఏమీ చూపించకుండా కూర్చుంటే దొంగతనంగా ఎక్కినట్టే ఉంది. మూడు స్టాపులు దాటేదాకా ఆ నోట్లు గుప్పిట్లోనే ఉన్నాయి.

మా అమ్మాయివాళ్ళుండే మోరిస్‌విల్‌లో ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, అక్కడ కారు నడపడం రాని మనిషి సోఫాతో సమానం. నెలన్నరలో కేరీ వెంకటేశ్వరస్వామి గుడికి నాలుగుసార్లు, ఇండియన్ కొట్టుకి లెక్కలేనన్నిసార్లు తీసుకెళ్ళారు. అవి చూడ్డానికి ఇరవై గంటలు విమానంలో మోకాళ్ళు ముడుచుకుని రావాలా? అందుకే అల్లుడు రెండు రోజులు చాపెల్ హిల్‌లో ట్రైనింగు ఉందనగానే నేనూ బయల్దేరాను. "అక్కడేముందమ్మా, యూనివర్సిటీ తప్ప!" అంది అమ్మాయి. ఉంది. పక్కనే కార్‌బరో ఉంది.

ఆ ఊరి పేరు నాకు చెప్పింది పదకొండేళ్ళ మనవరాలు. దానిది పుర్రచేయి. అన్నం తినేటప్పుడు "కుడిచేత్తో తిను" అని నేను, "దాన్నలా వదిలేయమ్మా" అని మా అమ్మాయి, రోజూ ఇదే గోల. గిటార్ క్లాసులో వాళ్ళ టీచరు దానికి 'ఫ్రైట్ ట్రైన్' అనే పాట నేర్పుతూ, ఆ పాట కట్టిన ఎలిజబెత్ కాటెన్‌ది కూడా పుర్రచేయేనని చెప్పిందట. అంతే, నన్ను గెలవడానికి దానికి సాక్ష్యం దొరికింది.

1893లో పుట్టిన ఆ నల్లజాతి పిల్ల, అన్నయ్య పనికి వెళ్ళాక అతని బాంజో తీసి చాటుగా వాయించేది. అది కుడిచేతివాళ్ళకి తీగలు కట్టిన బాంజో. తీగలు మారిస్తే దొరికిపోతుంది, అందుకని వాయిద్యాన్నే తలకిందులుగా పట్టుకుంది. తరువాత గిటారూ అంతే. మామూలుగా బొటనవేలు లావు తీగల మీద తాళం వేస్తుంటే మిగతా వేళ్ళు సన్న తీగల మీద పాట పలికిస్తాయి. ఈవిడకి పైది కిందికీ, కిందిది పైకీ పోయింది కాబట్టి పాట బొటనవేలిదీ, తాళం వేళ్ళదీ అయింది. మనవరాలు ఐప్యాడ్‌లో వీడియో చూపించింది. తెల్లజుట్టు, కళ్ళజోడు, ఒళ్ళో గిటారు, చాటలో బియ్యం ఏరుతున్నంత నింపాదిగా కూర్చుని వాయిస్తోంది. వింటుంటే ఒకరే వాయిస్తున్నారంటే నమ్మకం కుదరదు.

స్కూల్లో చేరినప్పుడు ఈ పిల్లకి పేరే లేదట. ఇంట్లో 'లిల్ సిస్' అనేవాళ్ళు, అంటే మన చిట్టి, చిన్నమ్మడులాంటిది. టీచరు పేరడిగితే అప్పటికప్పుడు ఎలిజబెత్ అని తనే పెట్టేసుకుంది. ముప్పై నాలుగేళ్ళు హాజరుపట్టీలు రాసినదాన్ని, నాకీ సంగతి ఎంత నచ్చిందో చెప్పలేను.

కార్‌బరో స్టాపులో దిగి, ముందు కాఫీ వెతుక్కున్నాను. పాత నూలు మిల్లుని మాల్‌గా మార్చారు, దాని దగ్గర్లోనే ఒక కొట్టు. కాఫీ, ఒక మఫిన్, టాక్సుతో కలిపి ఎనిమిది డాలర్ల పైనే. రూపాయల్లోకి మార్చొద్దని అమ్మాయి ఒట్టు వేయించుకుంది గానీ, లెక్కల టీచరుకి అది అయ్యే పనేనా? ఏడు వందలు! కాఫీ కూడా గిన్నె కడిగిన నీళ్ళలా ఉంది. మఫిన్ సగం టిష్యూలో చుట్టి బ్యాగులో వేసుకున్నాను.

ఆ కోపంలోనే ఇంకో లెక్క తట్టింది. చదువు మానేసి ఇళ్ళలో పనికి కుదిరినప్పుడు ఎలిజబెత్‌కి నెలకి 75 సెంట్లు ఇచ్చేవారు, తరువాత డాలరు చేశారు. ఆ జీతంలోంచి కూడబెట్టి 3 డాలర్ల 75 సెంట్లు పెట్టి స్టెల్లా గిటారు కొనుక్కుంది. నాలుగైదు నెలలు ఊడ్చి, కడిగి, వంటచేస్తే ఒక గిటారు. నేను అందులో రెండు గిటార్ల డబ్బు కాఫీ, మఫిన్‌కి పోశాను.

మెయిన్ స్ట్రీట్ మీద ఆమె పేరుతో చరిత్ర ఫలకం ఉంది. ఆమె పెరిగింది ఆ దగ్గర్లోని లాయిడ్ స్ట్రీట్‌లో. ఫలకం ముందు ఎవరూ ఆగడం లేదు. ఊరికి మాత్రం ఆ మిల్లు కొన్న జూలియన్ కార్ పేరు పెట్టారు, 1913లో. అదే ఏడు జూన్‌లో ఆ పెద్దమనిషి చాపెల్ హిల్ యూనివర్సిటీలో అంతర్యుద్ధంలో బానిసత్వం పక్షాన పోరాడిన సైనికుడి విగ్రహం ఆవిష్కరణకి వచ్చి, ఇక్కడికి దగ్గర్లోనే ఒక నల్లజాతి స్త్రీని కొరడాతో కొట్టానని సభలో గొప్పగా చెప్పుకున్నాడు. అప్పటికి ఎలిజబెత్‌కి ఇరవై ఏళ్ళు. ఆ విగ్రహాన్ని 2018లో నిరసనకారులు పడగొట్టారు. ఊరి పేరు మాత్రం అలాగే ఉంది. నా చేతిలో కాఫీ అప్పటికే చల్లారింది, చెత్తబుట్టలో పారేశాను.

ఆమె పేరుతో ఉన్నది ఒక సైకిల్ దారి. లిబా కాటెన్ బైక్‌వే. లిబా ఆమె ముద్దుపేరే. రైలు పట్టాల పక్కనే సాగే తారుదారి, నా నడకకి కూడా పదిహేను నిమిషాలు పట్టలేదు. గిటారు బొమ్మ ఉంటుందేమో, పాట వినిపిస్తారేమో అనుకున్నాను. అలాంటివేం కనపడలేదు. చెట్లు, కంచె, కంకర, పట్టాలు. చెవులకి తీగలు పెట్టుకున్న కుర్రాళ్ళు గంట కొట్టకుండా రయ్యిన దూసుకుపోయారు. మొదట నీరసం వచ్చింది. కాసేపయ్యాక ఆ పట్టాలే చాలుననిపించింది.

నేను బిట్రగుంట రైల్వే క్వార్టర్సులో పుట్టాను. నాన్న ఫైర్‌మన్. ఇంజిను కూత విని ఏ బండో చెప్పేసేవాళ్ళం, గడియారం అక్కర్లేదు. పదకొండు పన్నెండేళ్ళ ఎలిజబెత్ రాత్రి మంచం మీద పడుకుని వినే బండి ఈ పట్టాల మీదే పోయేది. ఆ పాటలో, తను చచ్చిపోయాక చెస్ట్‌నట్ వీధి చివర పూడ్చమంటుంది, తొమ్మిదో నంబరు బండి పోతుంటే వినపడాలట. ఆ వయసు పిల్లకి చావు సంగతి ఎందుకని ఎవరైనా అడగొచ్చు. రైల్వే క్వార్టర్సు పిల్లలు అడగరు.

బెంచీ మీద కుక్కతో కూర్చున్న ఒక పెద్దాయన్ని, రైళ్ళు ఇంకా వస్తాయా అని అడిగాను. నా ఇంగ్లీషు ఆయనకీ, ఆయన ఇంగ్లీషు నాకూ రెండేసిసార్లు చెప్పుకుంటే గానీ అర్థం కాలేదు. యూనివర్సిటీ కరెంటు ప్లాంటుకి బొగ్గు తెచ్చే గూడ్సు ఒక్కటే వస్తుందట, అదీ నడిచే మనిషి కంటే నెమ్మదిగా. "బొగ్గా!" అన్నాను. నా మొహం అంత వెలిగిపోవడం చూసి ఆయన కుక్కని దగ్గరికి లాక్కున్నాడు.

నీడలో కూర్చుని గంట చూశాను. బండి రాలేదు. మనవరాలు పంపిన ఆమె కథ ఫోనులో మళ్ళీ చదివాను. పెళ్ళయింది, కూతురు పుట్టింది, ఆ పాటలు మానేసి దేవుడి పాటలే పాడమన్నారు చర్చివాళ్ళు. గిటారు అటకెక్కింది. దశాబ్దాల తరబడి. వాషింగ్టన్‌లో ఒక పెద్ద కొట్టులో బొమ్మలు అమ్ముతుంటే తప్పిపోయిన పాప కనపడింది, తల్లి దగ్గరికి చేర్చింది. ఆ తల్లి రూత్ క్రాఫర్డ్ సీగర్, సంగీతం తెలిసిన మనిషి. వాళ్ళింట్లోనే పనికి కుదిరింది. లిబా అన్న ముద్దుపేరు కూడా ఆ ఇంటి పసిపిల్ల నోరు తిరక్క పెట్టిందే. గోడకి వేలాడే గిటారు తీసి ఒకరోజు వాయిస్తుంటే ఇంట్లోవాళ్ళ చెవిన పడింది. 1958లో మొదటి రికార్డు వచ్చేసరికి ఆమెకి అరవై అయిదు. ఆ తప్పిపోయిన పాప పెగ్గీయే పెద్దయ్యాక ఈ పాటని ఇంగ్లాండు తీసుకెళితే, అక్కడ ఇద్దరు తమ పేరు వేసుకున్నారు, 1957లో హిట్టయ్యింది కూడా. తనకి రావలసిన పేరు రాబట్టుకోవడానికి మళ్ళీ ఒక పోరాటం. తొంభై దాటాక 1985లో గ్రామీ అవార్డు వచ్చింది. 1987లో సిరక్యూజ్‌లో పోయింది, ఈ పట్టాలకి చాలా దూరంలో.

చెప్పేవాళ్ళంతా ఆ తప్పిపోయిన పాప దగ్గర 'ఎంత అదృష్టమో' అని ఆగిపోతారు. నాకు మాత్రం గోడ మీది గిటారే గుర్తుండిపోయింది. దాన్ని దులుపుతూ ఎన్నాళ్ళు ఊరుకుందో.

బిట్రగుంటలో మా ఇంట్లో అంట్లు తోమే ఆమె, తెల్లవారుజామున లోకోషెడ్డు బూడిదలో సగం కాలిన బొగ్గులు ఏరుకుని, అమ్ముకుని, అప్పుడు మా ఇంటికి వచ్చేది. తోముతూ పాడేది. నాట్ల పాటలు, ఏడుపు పాటలు, కొన్ని తనే కట్టిందేమో కూడా. నేను బీఎడ్ పరీక్షకి చదువుకుంటూ కిటికీలోంచి "కాసేపు నోరు మూసుకోవే" అన్నాను. ఆమె నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. ఆ తరువాత మా ఇంట్లో మళ్ళీ పాడినట్టు నాకు గుర్తు లేదు. ఒక పాట ఎత్తుగడ మాత్రం గుర్తుంది, మాటల్లేకుండా.

రోడ్డు పట్టాల్ని దాటే చోట కంకరలో చిన్న బొగ్గు ముక్క కనపడింది. అటూ ఇటూ చూసి తీసుకున్నాను. తిరుగు బస్సులో డబ్బులు తీయలేదు, అనుభవం వచ్చేసింది.

ఇంటికొచ్చాక అమ్మాయి నా బ్యాగులోంచి టిష్యూ పొట్లం తీసింది. మఫిన్ నిండా మసి.

"ఇదేంటమ్మా?"

"బొగ్గు."

"ఇంతకీ ఏం చూశావు అక్కడ?"

"సైకిళ్ళు పోయే దారి."

పడీ పడీ నవ్వింది. పై గదిలో మనవరాలు పాట మొదలుపెట్టింది. ఒకచోట తడబడుతోంది, మళ్ళీ మొదటికొస్తోంది, మళ్ళీ అక్కడే తడబడుతోంది. అల్లుడు ల్యాప్‌టాప్ ముందునుంచి, మీటింగ్ ఉంది, పై తలుపు కాస్త వేసి రమ్మన్నాడు.

మోకాళ్ళ నొప్పి అని చెప్పి, నేను లేవలేదు.