మా థార్ అమ్మేశా, మాడిఫికేషన్‌కి ఎంతొచ్చిందో చెప్తా

పోయిన నెల్లో మా మహీంద్రా థార్ జీపు అమ్మేశా. 2016 మోడల్, పాత సీఆర్‌డీఈ డీజిల్ రకం, 2498 సీసీ ఇంజను, ఫోర్ వీల్ డ్రైవ్. తొమ్మిదేళ్ళు నాతోనే ఉండింది, సోమశిల, పెంచలకోన, ఉదయగిరి కొండ కింద దారులు, మైపాడు బీచ్ ఇసక అన్నీ దాంతోనే తిరిగినా. తాళాలు ఇచ్చేసినరోజు రాత్రి నిద్రపట్టలేదు నాకు. నెల్లూరు, ఒంగోలు సైడు థార్లు, జీపులు మాడిఫై చేయించుకునే పిల్లోళ్ళు చానామంది ఉండారు, వాళ్ళకి పనికొస్తుందని రాస్తా ఉండా.

నేను దాని మీద పెట్టింది మొత్తం 3 లక్షల 40 వేలు. 31 ఇంచీల మడ్ టైర్లు, అల్లాయ్‌లు, ముందర ఇనప బంపరు, దానికి వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు), స్నార్కెల్ (నీళ్ళలో పోయినా ఇంజనుకి గాలి అందించే పైగొట్టం), లైట్ బార్ పెట్టించా. ముందర స్ప్రింగుల బదులు ఉండే టార్షన్ బార్లు బిగించి ముందు లేపి, వెనక కమాన్ కట్టలకి పొడుగు షాక్ అబ్జార్బర్లు వేయించా. ఏమీ చేయించని బండి ఆరున్నర లక్షల దాకా పలకతా ఉంది కదా, మన దానికి ఎనిమిది రావాల్సిందే అనుకున్నా. ఫోన్ చేసిన ప్రతివోడూ ఫస్ట్ అడిగింది ఒకటే, "అన్నా, కంపెనీ టైర్లు, కంపెనీ బంపరు ఉండాయా?"

టైర్లు, రిమ్ములు మా మామ వాళ్ళ వడ్ల గోడౌన్‌లో దాచిపెట్టి ఉండా. బంపరు మాత్రం, ఇనపది బిగించిన షెడ్డోళ్ళు మా కాడే ఉంటదిలే అన్నారు, ఏడాది తర్వాత పోతే యాడ పోయిందో తెలీదన్నారు. దయచేసి పీకిన ప్రతి సామానూ అదేరోజు ఇంటికి తెచ్చుకోండి, బోల్టులతో సహా.

చివరికి కొన్నది అల్లూరు సైడు రొయ్యల చెరువులు ఉండే ఒక పెద్దాయన. ఆయనతో వచ్చిన మెకానిక్ బండి మెరిసే వైపు చూడనే లేదు, గోనె పట్ట పరిచి కిందకి దూరి, స్క్రూడ్రైవర్ పిడితో ఛాసీ మీద కొట్టుకుంటా పొయ్యాడు. వెనక చక్రాల పైన, బురద నిలబడే చోట రెండుమూడుసార్లు కొట్టి చెవిపెట్టి విన్నాడు. తుప్పు తిన్న చోట మొద్దుగా పలుకుతుందంట, బాగుంటే ఖంగున మోగుతుంది. ఉప్పుగాలికి మన కోస్తాలో జీపులు పోయేది అక్కడే. మైపాడు నుంచి వచ్చిన ప్రతిసారీ బండి అడుగుభాగం మంచినీళ్ళతో కడిగించేవాణ్ణి, ఆ కడుగుడుకి వచ్చినంత విలువ ఇంక దేనికీ రాలేదు.

తర్వాత లైట్ బార్ వైరు మీద టేపు లాగితే లోపల రాగి అంతా పచ్చగా చిలుము పట్టి ఉంది, దాన్ని కంపెనీ వైరింగ్‌ని కోసి అతికించారు. స్నార్కెల్ కోసం ఫెండర్‌కి చేసిన రంధ్రం మీద వేలుపెట్టి చూసి పెదవి విరిచాడు. ఇంజను తిప్పుడుని చక్రాలకి తీసుకుపొయ్యే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉంటది కదా, దాని క్రాసులు (మడత కీళ్ళు) రెండూ ఊగతా ఉండాయి, ఎత్తు లేపితే షాఫ్ట్ వంపు పెరిగి అవి తొందరగా పోతాయి. ఇంకోటి, కంపెనీ టైరు 235/70 ఆర్16, దాని ఎత్తు 735 మిల్లీమీటర్లు, 31 ఇంచీలదైతే 787, అంటే చక్రం ఒక చుట్టుకి 7 శాతం ఎక్కువ దూరం పోతుంది, మీటరు మాత్రం పాత లెక్కే చూపిస్తుంది. నా మీటర్లో 61 వేలు ఉంటే బండి నిజంగా తిరిగింది 65 వేల దాకా. ఈ సంగతి నేనే చెప్పా ఆయనకి, దాచలేదు.

"అబ్బయ్యా, నువ్వు పెట్టిన సామాన్లకి నేను డబ్బులు ఈను, నాకు చెరువు గట్టు మీద మేత బస్తాలు తోలేదానికి కావాల" అన్నాడు పెద్దాయన. నాకు బాధేసింది గానీ ఆయన అన్నదాంట్లో తప్పేముంది? పైగా రోడ్డు మీద ఆపితే ఫైను కట్టేది ఆయనే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఇనప బంపర్లు ఉంటే చర్య తీసుకోమని 2017 డిసెంబర్లోనే కేంద్రం రాష్ట్రాలకి రాసింది. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్ళు అడిగేది కూడా ఇదే.

అన్నీ ఉన్నట్టే అయితే 5 లక్షల 90 వేలు అన్నాడు. నేను వారం అడిగి, అన్నీ పీకించేసి, ఆటోనగర్‌లో పాత బంపరూ, ఫెండరూ వెతికి రంగేయించి, క్రాసులు మార్పించి, కంపెనీ రిమ్ములు ఎక్కించా. ఆ టైర్లు తొమ్మిదేళ్ళవి, గట్టిపడిపొయ్యాయి, మార్చుకోవాల్సిందేనని ముందే చెప్పా. అప్పుడు 6 లక్షల 15 వేలకి తెగింది. మడ్ టైర్లు అల్లాయ్‌లతో కలిపి విడిగా 55 వేలకి పొయ్యాయి. టైరు పక్కన నాలుగంకెల కోడు ఉంటది, 2321 అంటే 2021లో 23వ వారం తయారైందని, కొనేవోళ్ళు అది చూసే రేటు కడతారు. ఇనప బంపరు 8 వేలు.

బండి పేరు మార్చేదానికి ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి వదిలేయలేదు, ఆర్సీ ఆయన పేరుకి మారేదాకా వెంటబడినా. పేరు మారకపోతే రేపు ఏదైనా జరిగితే నోటీసు వచ్చేది మనకే.

వించ్ ఇంకా మా వసారాలోనే ఉంది, 9,500 పౌండ్లది, రెండుసార్లు తప్ప వాడింది లేదు. ఒంగోలు నుంచి ఒకాయన ఆదివారం వచ్చి చూస్తానన్నాడు.